బండికి సాదాబైనామా పనికిరాదు



పత్తి పైసలు చేతికొచ్చే దినాలివి. ఆదిలాబాద్ మార్కెట్ల గాని, జమ్మికుంటల గాని పత్తి అమ్ముకోని ఇంటికొచ్చినంక ఇంట్ల లేచే మొదటి ముచ్చట బండి ముచ్చటే. అదిగూడ ఐదుగురు కూసునేది గాదు, మూడు వరుసల సీట్లున్న పెద్ద బండి. బొలెరో, స్కార్పియో, జైలో, టవేరా, ఎర్టిగా, కొంచెం గట్టోళ్ళైతే ఇన్నోవా. కొత్తది రోడ్డెక్కాలంటే పది లక్షలకు అటు ఇటు, పెద్దవైతే ఇరవై దాటుతది. అందుకే మనోళ్ళు సెకండ్ హ్యాండ్ దిక్కు చూస్తరు.

అది తప్పని నేననను. మన ఇండ్లల్ల అమ్మ, నాయిన, ఇద్దరు కొడుకులు, కోడండ్లు, పిల్లలు ఉంటరు. వేములవాడకు పోవాలన్నా, కొండగట్టు పోవాలన్నా, కేస్లాపూర్ నాగోబా జాతరకు పోవాలన్నా చిన్న కారు సాలది. రాత్రి పూట దవాఖానకు పోవాలంటే కిరాయి బండోడు ఎంతడిగితే అంత ఇయ్యాలె. ఐదారేండ్లు వాడిన మంచి బండి సగం ధరకు దొరికితే కొనుక్కునుడు తెలివైన పనే.

నా లొల్లి బండితోటి గాదు, కాయితంతోటి. మనం బండి కొనేటప్పుడు ఇంజన్ చూస్తం, టైర్లు చూస్తం, ఏసీ చూస్తం, డెక్కుల పాట గూడ పెట్టి చూస్తం. ధర కాడ ఐదువేల కోసం పొద్దంత కూసుంటం. ఆఖరికి వంద రూపాయల బాండు పేపర్ మీద ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టుకోని, తాళం చెవి తీస్కోని వస్తం. ఆర్సీ మాత్రం పాతాయన పేరు మీదనే ఉంటది. "తర్వాత మార్చుకుందాం తియ్" అంటరు. ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు.

సాదాబైనామా అంటే ఏందో మనకు ఇంకొకరు చెప్పాల్నా? తెల్ల కాయితం మీద భూమి కొని, ఇరవై ముప్పై ఏండ్లు దున్నుకున్నోళ్ళకు పాసుబుక్కు లేక ఎంత గోస అయిందో ప్రతి ఊర్ల చూసినం. 2020ల పెట్టుకున్న దరఖాస్తులు 2025ల భూభారతి చట్టం వచ్చేదాక అట్లనే మూలకు పడ్డయి. బండి బాండు పేపర్ గూడ గసోంటి సాదాబైనామానే. తేడా ఒక్కటే. భూమి కాడ కొన్నోడు గోసపడ్డడు. బండి కాడ ముందుగాల గోసపడేది అమ్మినోడు.

ఎట్లనో చెప్తా. మోటారు వాహనాల చట్టం 1988ల సెక్షన్ 2(30) ప్రకారం బండి ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే ఆయనే ఓనర్. పైసలు ఎవలిచ్చిండ్రు, తాళం ఎవరి చేతుల ఉన్నది, బాండు మీద ఏం రాసుకున్నరు, ఇవేవీ దాంట్ల లెవ్వు. ఆర్సీ మీద పేరే లెక్క.

2018 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటున్నది. ఉత్తరాదిల ఒకాయన 2007ల తన కారు అమ్ముకున్నడు. కాయితం మారలే. ఆ కారు ఒకరి నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి పోయింది. 2009ల ఆ కారు గుద్ది ఒక ప్రాణం పోయింది. నేను అమ్మి రెండేండ్లాయె, నాకేం సంబంధం అన్నడు మొదటాయన. హైకోర్టుల ఆయన మాట నిలిచింది గాని సుప్రీంకోర్టుల నిలువలే. రిజిస్టర్ల పేరున్నాయనే ఓనర్, పరిహారం కట్టాల్సింది ఆయనే అన్నరు. ప్రాణం పోయిన ఇంటోళ్ళు ఆ బండి ఎవరి నుంచి ఎవరికి పోయిందో ఎంకులాడుకుంట తిరగాల్నా, అది న్యాయం గాదు అన్నది కోర్టు మాట. ఆలోచన చేస్తే ఆ మాట న్యాయమే. చచ్చిపోయినోళ్ళ ఇంట్ల నిలబడి చూస్తే మనం గూడ అదే అంటం.

ఇగ మన రైతులకు గుండెల గుచ్చుకోవాల్సింది సెక్షన్ 174. పరిహారం కట్టాలని ట్రిబ్యునల్ చెప్పినంక కట్టకుంటే, కలెక్టర్‌కు సర్టిఫికెట్ పంపొచ్చు. అప్పుడు ఆ పైసలను భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేస్తరు. అంటే ఎప్పుడో అమ్ముకున్న బండి ఎనుక మన పాసుబుక్కుల ఉన్న ఎకరాలు గూడ నిలబడి ఉన్నయన్నట్టు.

ఇన్సూరెన్స్ ఉంటది గదా అని మీరనొచ్చు. నిజమే, ఇన్సూరెన్స్ నడుస్తుంటే ఎదుటోళ్ళకు అయిన నష్టం కంపెనీ కడుతది. సెక్షన్ 157 ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ పాలసీ గూడ బండి ఎనుకనే పోతది. గని పేరు మార్చుకోనోడు ఇన్సూరెన్స్ కడుతడా? పాతాయన పేరు మీద పాలసీ నేనెందుకు కట్టాలె అని ఇడిసిపెడుతడు. గడువు దాటిన దినం నుంచి ఆ బండి రోడ్డు మీద తిరిగినన్ని దినాలు అమ్మినాయన నెత్తి మీద కత్తి ఏలాడుతనే ఉంటది.

కొన్నోడికి గూడ సుఖం లేదు. థర్డ్ పార్టీ పాలసీ బండి ఎంబడి వచ్చినా, సొంత బండి నష్టానికిచ్చే పాలసీ అట్ల రాదు. 14 దినాలల్ల కంపెనీకి దరఖాస్తు పెట్టి పేరు మార్పిచ్చుకోవాలె. లేకుంటే ఆరు లక్షల బండి చెట్టుకు గుద్దుకుంటే ఆరు పైసలు గూడ రావు. ఇంకొకటి, క్లెయిమ్ చెయ్యనందుకు వచ్చే బోనస్ మనిషిది, బండిది గాదు. పాతాయన బోనస్ మీద మనం పాలసీ నడుపుకుంటే రేపు క్లెయిమ్ కాడ పట్టుకుంటరు.

యాక్సిడెంట్ ఒక్కటే గాదు. రేషన్ బియ్యం తోలుకుంట సరిహద్దు కాడ దొరికినా, ఇసుక కాడ దొరికినా, ఇంకేదన్న తప్పుడు పనిల దొరికినా పోలీసోళ్ళు ముందుగాల కొట్టే తలుపు ఆర్సీ మీద ఉన్నాయనది. చలాన్లు గూడ ఆయన పేరు మీదనే పడుతయి.

ఇంత తెలిసినా మనం పేరు ఎందుకు మార్పియ్యం? నాకు కనబడే కారణాలు నాలుగు.

మొదటిది పింఛన్ భయం. ఇది పైకి ఎవ్వరు చెప్పరు గని ఊర్లల్ల పెద్ద కారణం ఇదే. 2014ల ఆసరా పింఛన్ల నిబంధనలల్లనే నాలుగు చక్రాల బండి ఉన్నోళ్ళకు పింఛన్ లేదని రాసిండ్రు. రేషన్ కార్డు గూడ పోతదేమోనని భయం. అందుకే బండి కొంటరు, పేరు మాత్రం పాతాయనది ఉండనిస్తరు. ముసలోళ్ళున్న ఇంటికి ఒక పాత బండి ఉంటే పింఛన్ తీసేసుడు న్యాయమా కాదా అన్నది వేరే ముచ్చట. దాని మీద సర్కారును అడుగుదాం, కొట్లాడుదాం. గని నెలకు 2,016 రూపాయలంటే ఏడాదికి 24,192. దాని కోసం ఇంకొక రైతు భూమిని పణంగ పెట్టుడు ఏం ధర్మం? మన పింఛన్ కాపాడుకునేటందుకు బండి అమ్మిన పాపానికి ఆయన ఎందుకు కోర్టు మెట్లెక్కాలె?

రెండోది ఫైనాన్స్. కిస్తులు ఇంకా నడుస్తున్న బండిని, మిగిలిన కిస్తులు నువ్వు కట్టుకో అని అప్పజెప్తరు. ఫైనాన్స్ సంస్థ ఎన్ఓసీ, ఫారం 35 లేకుండ ఆర్సీ మీద అప్పు పేరు పోదు. కొన్నోడు రెండు కిస్తులు ఎగ్గొడితే నోటీసు వచ్చేది అమ్మినాయనకు. అప్పు దొరకకుండ పోయేది గూడ ఆయనకే. రేపు పంట లోన్‌కు పోతే, ట్రాక్టర్ లోన్‌కు పోతే సిబిల్ల పాత బండి కథ తేలుతది.

మూడోది మహారాష్ట్ర బండ్లు. పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లా, వాంకిడి దాటితే చాందా దిక్కు. ఎంహెచ్ 29, ఎంహెచ్ 34 నంబర్ల బండ్లు మన దిక్కు తక్కువ ధరకు వస్తయి. తక్కువ ఎందుకో మొదలు అది అడగాలె. ఆ బండి ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ తేవాలె, మన దగ్గర బండి వయసును బట్టి లైఫ్ టాక్స్ కట్టాలె, కొత్త నంబర్ తీస్కోవాలె. అక్కడ కట్టిన టాక్స్ ఇక్కడ చెల్లది. ఇవన్ని కలుపుకుంటే మనకు మిగిలింది అనుకున్నది మిగలది. 12 నెలలు దాటినంక గూడ అదే నంబర్ మీద తిప్పుడు చట్టం ప్రకారం తప్పు. ఎన్ఓసీ చేతికి రాకముందు పూర్తి పైసలియ్యకుండ్రి.

నాలుగోది దళారి. అమ్మెటాయన తోటి ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు తీస్కుంటడు. ఆ కాయితాలు జేబుల పెట్టుకోని బండిని ముగ్గురి చేతులు మారుస్తడు. నడిమిట్ల పేరు మార్పిస్తే ఖర్చు, అందుకే మార్పియ్యడు. మన సంతకం మాత్రం ఊరూరు తిరుగుతది. చెక్కు మీద ఖాళీ సంతకం పెట్టి ఎవలికన్న ఇస్తమా? ఇది గూడ అంతే. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారం చేసెటోళ్ళకు ఆర్టీఏ అధికార పత్రం ఉండాలని రూలు వచ్చింది. అసోంటి డీలర్‌కు బండి అప్పజెప్పినప్పుడు ఫారం 29సి మీద ఆర్టీఏకు తెలిపితే, అప్పటి సంది ఆ బండికి జవాబుదారి ఆ డీలరే. డీలర్‌కు అమ్మితే ఆ పత్రం చూపియ్యమని అడుగుండ్రి. ఊకె ముచ్చట్లు చెప్పెటోడైతే అక్కడనే తెలిసిపోతది.

ఈ నాలుగే గాక ఇంకొక చిక్కున్నది. ఆర్సీ మీద ఉన్నాయన చనిపోతే అప్పుడు ఆయన సంతకం ఎవలు పెడుతరు? వారసులు ముందు ఫారం 31 తోటి తమ పేరు మీదికి ఎక్కించుకోవాలె, ఆ తర్వాత మనకు మార్చాలె. అన్నదమ్ముల నడుమ పంచాయితి ఉంటే మన బండి గూడ ఆ పంచాయితిల చిక్కుకుంటది. కొన్నప్పుడే పని చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

కాయితం చూసుడు నేర్చుకుంటే ఇంకొక లాభం గూడ ఉన్నది. బండి చరిత్ర సగం కాయితమే చెప్తది. నంబర్ ఏపీ 15 అని ఉన్నదనుకో, అది కరీంనగర్ల 2014 జూన్ కంటె ముందు రిజిస్టర్ అయిన బండి. ఎంత కొత్త రంగేసినా 2029 జూన్ లోపల 15 ఏండ్లు నిండుతయి. ఏపీ 01 ఆదిలాబాద్ బండి గూడ గంతే. 15 ఏండ్లు దాటితే మళ్ళ ఐదేండ్లకు రిజిస్ట్రేషన్ చేపిచ్చాలె, ఫిట్‌నెస్ చూపియ్యాలె, గ్రీన్ టాక్స్ కట్టాలె. ఆ ఖర్చు ధరల కొట్టేసుకోవాలె.

ఆర్సీల ఎన్నో ఓనర్ అన్నది చూడుండ్రి. ముందు పసుపు బోర్డు మీద తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మారిందా అడుగుండ్రి. గోదావరిఖని, శ్రీరాంపూర్ దిక్కు బొగ్గు బావుల కాడ కిరాయికి తిరిగిన బండి వేరు, టీచర్ సారు ఆదివారం తీసిన బండి వేరు. మీటర్ మీద 60 వేలు ఉంటే నమ్మకుండ్రి, మీటర్ వెనుకకు తిప్పుడు ఇప్పుడు పెద్ద పని గాదు. నంబర్ చెప్పి కంపెనీ షోరూంల సర్వీస్ రికార్డు అడిగితే ఏ ఏడాది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో బయట పడుతది. కిరాయి బండి కొనొద్దని గాదు, కిరాయి బండి ధరకు కొనాలంటున్న.

వరద బండి సంగతి మన జిల్లాలోళ్ళకు చెప్పనక్కర లేదు. 2022 జూలైల కడెం పొంగింది, గోదావరి నీళ్ళు మంచిర్యాల కాలనీలల్లకు వచ్చినయి. 2023 జూలైల భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మునిగింది. నీళ్ళల్ల నానిన బండ్లు కడిగి, సీట్లు మార్చి, అమ్మకానికి పెడుతరు. సీటు బెల్టు పూర్తిగ బయటికి గుంజి చూడుండ్రి, చివర్ల బురద గీత ఉంటది. మ్యాట్ కింద, సీటు పట్టాల కింద తుప్పు చూడుండ్రి. అద్దాలు మూసి కాసేపు కూసుంటే బూజు వాసన వస్తది.

ఇగ మూడో వరుస. ఏడుగురు కూసునే బండి అని కొంటం, చూసేటప్పుడు మాత్రం ఇద్దరమే ముందట కూసోని ఊరి బయటిదాక పోయొస్తం. అట్ల గాదు. ఇంటిల్లిపాదిని ఎక్కించి ఒక గడ్డ ఎక్కించి చూడుండ్రి. క్లచ్ జారుతదా, నల్ల పొగ కొడుతదా, ఎనుక ఏసీ అందుతదా అన్ని తెలుస్తయి. పొద్దుగాల ఇంజన్ చల్లగ ఉన్నప్పుడే స్టార్ట్ చేయించుండ్రి, మనం పోయేసరికే వేడి చేసి పెట్టినోడిని అనుమానించుండ్రి. బొలెరోల ఎనుక సీట్లు ఎదురెదురుగ పక్కకు ఉంటయి. పాత వాటిల్ల ఆ సీట్లకు బెల్టులు లెవ్వు. చిన్న పిల్లలను ఆడ కూసోబెట్టేముందు ఆలోచన చెయ్యుండ్రి. ఎర్టిగా, ఇన్నోవాలల్ల ముందుకు చూసే సీట్లు ఉంటయి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండి అయితే సైలెన్సర్ దారిల పొగను ఆపే జల్లెడ ఉంటది, డీపీఎఫ్ అంటరు. ఊరి నుంచి చేనుకు, చేను నుంచి ఊరికి రోజు రెండు కిలోమీటర్లే తిప్పితే అది మూసుకపోతది. అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద పొడుగు దూరం నడపాలె. మీ తిరుగుడు ఎట్ల ఉంటదో చూసుకోని కొనుండ్రి. టవేరా తక్కువకు వస్తది గని ఆ కంపెనీ 2017 చివర్లనే మన దేశంల అమ్మకాలు బంద్ పెట్టింది. మీ మెకానిక్‌ను సామాన్లు దొరుకుతయా అని అడిగినంకనే బేరం చెయ్యుండ్రి.

బండి నచ్చింది, ధర కుదిరింది. అప్పుడు పైసలు ఎట్ల ఇయ్యాలె? నా పద్ధతి చెప్తా. బయానా కొంచెమే ఇయ్యాలె, అది గూడ బ్యాంకు ఖాతాలకు. అదే దినం ఆర్సీ మీద, బండి మీద ఇంజన్ నంబర్, చాసిస్ నంబర్ కలిసినయా చూసుకోవాలె. చలాన్లు, అప్పు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ చూసుకోవాలె. ఆర్టీఏల స్లాట్ బుక్ చేసుకోని, ఫారం 29, 30 మీద ఇద్దరు ఎదురెదురుగ కూసోని, అన్ని ఖానాలు నింపినంకనే సంతకం పెట్టాలె. ధరల ఒక ముక్క, యాభై వేలో లక్షనో, కొత్త పేరు మీద ఆర్సీ వచ్చినంకనే ఇస్తనని ముందే మాట్లాడుకోవాలె. పాతాయన ఒప్పుకోకుంటే ఆ బండి కాయితంల ఏదో కిరికిరి ఉన్నదన్నట్టే.

అమ్మెటాయన గూడ చేతులు దులుపుకోవద్దు. సెక్షన్ 50 ప్రకారం మన రాష్ట్రం బండి అయితే 14 దినాలల్ల అమ్మిన సంగతి ఆర్టీఏకు తెలపాల్సింది ఆయనే. కొన్నాయనకు 30 దినాలు గడువు. కాబట్టి కొన్నోడు మార్పిచ్చుకుంటడు తియ్ అనే మాట చట్టంల లేదు. తెలిపిన కాయితం రసీదు, కొన్నాయన ఆధార్ జిరాక్స్, పైసలు వచ్చిన బ్యాంకు కాయితం ఒక కవర్ల పెట్టి పాసుబుక్కు పక్కన దాచుకోవాలె. అయితే ఒకటి మరువకుండ్రి. ఆ కవరు మన నిజాయితికి సాక్ష్యం, పేరు మారుడే మనకు రక్షణ.

పేరు మార్పిచ్చేటందుకు అయ్యే ఫీజు మన రాష్ట్రం బండికి ట్యాంకు నిండ డీజిల్ పోయించినంత గూడ కాదు. ఒక పూట పని పోతది. మడి ఇడిసిపెట్టి వస్తున్నమని గులుగుతం గని, ఆ ఒక్క పూట ఇద్దరి ఇండ్లకు కావలి.

బావమరిదికి ఇచ్చిన, దోస్తుకు ఇచ్చిన, మనోడే గదా, మార్చమంటే ఏమనుకుంటడో అని మొగమాటపడెటోళ్ళు చాలమంది. ఎకరం భూమిని తమ్ముని పేరు మీద రాయాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోతమా పోమా? ఆడ లేని మొగమాటం ఇక్కడెందుకు? పేరు మారిస్తేనే సుట్టరికం నిలుస్తది. రేపు నోటీసు వచ్చినంక మాటలు తెగుతయి.

ఇప్పటికే బండి అమ్మినోళ్ళు ఇయ్యాల్లనే ఒక పని చెయ్యుండ్రి. రవాణా శాఖ సైటుల మీ పాత బండి నంబర్ కొట్టి ఎవరి పేరున్నదో చూడుండ్రి. ఫోన్ల చూసుడు రాకుంటే ఇంట్ల పిల్లలను అడుగుండ్రి, లేకుంటే మీసేవ కాడికి పోండ్రి. మీ పేరే ఉంటే కొన్నాయనకు ఫోన్ చేసి, ఇన్సూరెన్స్ నడుస్తున్నదా అని మొదలు అడుగుండ్రి, తర్వాత ఎప్పుడు పోదామో దినం పెట్టుకోండ్రి. ఆయన ఎత్తకుంటే, ఎగ్గొడితే ఆర్టీఏకు రాసిచ్చి ముద్ర ఏపిచ్చుకోని రండ్రి.